మే నెలలో శాలువా

హైదరాబాదులో శాలువాలు, స్వెట్టర్లు ఏడాదికి రెండుసార్లు బయటికొస్తాయి. సంక్రాంతి ముందు ఒకసారి. రోహిణి కార్తెలో రెండోసారి. బయట రోళ్ళు పగిలే ఎండ కాస్తుంటే, ఏ మాదాపూర్‌లోనో ఒక ఆఫీసు ఐదో అంతస్తులో ఒకావిడ కుర్చీ వీపుకి తగిలించిన ఊలు శాలువా తీసి భుజాల నిండా కప్పుకుంటుంది. రెండు చేతులూ టీ కప్పు చుట్టూ వేసి కాసేపు కాచుకుని మళ్ళీ కీబోర్డు మీద పెడుతుంది. ఆమెకి రెండు కుర్చీల అవతల కూర్చున్నాయన చొక్కా పైగుండీ విప్పుకుని, "అసలు ఏసీ పనిచేస్తోందా?" అని అడుగుతుంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఇద్దరికీ తగిలేది ఒకే గొట్టంలోంచి వచ్చే గాలి.

ఇంట్లో ఏసీ సంగతి వేరు. రిమోట్ ఎవరి చేతిలో ఉందో తెలుసు. అడగొచ్చు, అలగొచ్చు, దుప్పటి కప్పుకోవచ్చు, పక్క గదిలోకి పోయి పడుకోవచ్చు. ఆఫీసులో మనిషి రోజుకి ఎనిమిది తొమ్మిది గంటలు తను కోరుకోని వాతావరణంలో గడుపుతాడు. దాన్ని ఎవరు నిర్ణయించారు, ఎవరి ఒంటిని చూసి నిర్ణయించారు అని చాలాకాలంగా ఆలోచిస్తున్నాను. చదివినకొద్దీ, చూసినకొద్దీ నాకు తేలిందేమిటంటే, ఈ చల్లదనం పుట్టినప్పటి నుంచి ఇప్పటిదాకా అక్కడ కూర్చునే మనిషి దీనికి మొదటి లెక్క కాలేదు. ముందు వస్తువు, తర్వాత యంత్రం, ఆ తర్వాత ఎక్కడో ఉన్న ఇంకొకరి ఒళ్ళు. మన వంతు చివర్న వచ్చింది.

1902లో న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో సాకెట్-విల్హెల్మ్స్ అనే అచ్చాఫీసు ఉండేది. అక్కడ రంగుల బొమ్మలు వేసేవాళ్ళు. ఒక్కో రంగుకి కాగితం ఒక్కోసారి యంత్రంలోకి వెళ్ళాలి. వేసవి ఉక్కపోతకి కాగితం తేమ పీల్చి సాగేది, పొడిగాలికి ముడుచుకునేది. ఎరుపు పడ్డచోట పసుపు పడక బొమ్మ చెదిరిపోయేది. బఫెలో ఫోర్జ్ కంపెనీలో పనిచేస్తున్న పాతికేళ్ళ ఇంజనీరు విల్లిస్ కారియర్‌కి ఈ పని అప్పగించారు. చల్లటి గొట్టాల మీదుగా గాలిని నడిపిస్తే అందులోని తేమ గొట్టాల మీద చెమర్చి జారిపోతుంది. గొట్టం ఎంత చల్లగా ఉండాలో లెక్క కడితే గాలిలో ఎంత తేమ మిగలాలో మనం శాసించవచ్చు. ఏడాది పొడుగునా గదిలో తేమ 55 శాతం దగ్గర నిలబడేలా ఆయన నమూనా గీశాడు. ఇవాళ మనం ఎరిగిన ఎయిర్ కండిషనింగ్ అక్కడ మొదలైంది. అచ్చు యంత్రం దగ్గర నిలబడ్డ పనివాళ్ళకి హాయిగా అనిపించే ఉంటుంది. కానీ ఆ ఖర్చు కాగితం కోసం పెట్టింది. ఆ తర్వాత దారం తెగకుండా బట్టల మిల్లుల్లోకి వెళ్ళింది. గుమాస్తాలు, వకీళ్ళు కూర్చునే ఎత్తైన ఆఫీసు భవనం మొత్తానికీ ఏసీ రావడానికి 1928 దాకా పట్టింది. అది టెక్సాస్‌లోని సాన్ ఆంటోనియోలో, 21 అంతస్తుల మైలమ్ బిల్డింగ్.

మన బ్యాంకుల్లోకి, ప్రభుత్వ ఆఫీసుల్లోకి కంప్యూటర్ వచ్చిన రోజులు తలుచుకోండి. హాలంతా ఫ్యాన్లు, గాలికి ఎగిరిపోకుండా కాగితాల మీద పేపర్‌వెయిట్లు. ఓ మూల మాత్రం అద్దాల గది. ఆ గదికి ఏసీ. గుమ్మం ముందు చెప్పులు విడిచి లోపలికి వెళ్ళేవాళ్ళం, గర్భగుడిలోకి వెళ్ళినంత భయంగా. యంత్రం వేడెక్కితే ఆగిపోతుంది, దుమ్ము పడితే పాడైపోతుంది అని పెద్దాఫీసు నుంచి సర్క్యులర్లు వచ్చేవి. హాల్లో చెమటలు కారుస్తూ లెడ్జర్లు రాసేవాళ్ళ గురించి అలాంటి సర్క్యులర్ ఒక్కటీ నేను చూడలేదు. మధ్యాహ్నం ఏదో ఒక ప్రింటవుట్ వంకతో ఆ గదిలోకి వెళ్ళి రెండు నిమిషాలు ఎక్కువ నిలబడని వాళ్ళు లేరు.

అంతకు ముందు తరాల్లో కచేరీలకీ చలవ ఉండేది. తలుపులకీ కిటికీలకీ వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లేవారు. ఆ తడి వాసన దొరగారి గదంతా నిండేది. పైనుంచి వేలాడే పంకాకి కట్టిన తాడు గోడలోని రంధ్రం గుండా బయటి వసారాలోకి వచ్చేది. దాన్ని లాగే మనిషి అక్కడ, వడగాలిలో కూర్చునేవాడు. అప్పట్లో మద్రాసు సముద్రతీరంలో దిగిన మంచు కూడా అమెరికాలోని బోస్టన్ నుంచి ఓడల్లో వచ్చేది. ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వర్తకుడు చెరువుల మీద గడ్డకట్టిన మంచుని కోయించి రంపపు పొట్టులో పొదిగి పంపేవాడు. దాన్ని దాచిన ఐస్ హౌస్ చెన్నైలో ఇప్పటికీ ఉంది. ఇవాళ షాపులో "ఒకటిన్నర టన్ను కావాలా, రెండు టన్నులా?" అని అడిగే లెక్క ఆ మంచు రోజుల నుంచి మిగిలిందే. ఒక టన్ను మంచు ఒక రోజులో కరగడానికి ఎంత వేడి పీల్చుకుంటుందో అంత వేడిని తోడే శక్తి ఒక టన్ను ఏసీది.

ఇక ఇంకొకరి ఒంటి సంగతి. మనిషికి ఎంత చల్లగా ఉంటే హాయి అనే ప్రశ్నకి డెన్మార్క్ ఇంజనీరు పోవ్ల్ ఓలె ఫాంగర్ 1970లో ఒక సూత్రం కట్టాడు. అమెరికాలో, డెన్మార్క్‌లో కాలేజీ విద్యార్థులని గదుల్లో కూర్చోబెట్టి సేకరించిన సమాధానాలు దానికి ఆధారం. గాలి వేడి, తేమ, గాలి వేగం, గోడల వేడి, ఒంటి మీది బట్ట, ఒంట్లో పుట్టే వేడి అనే ఆరింటినీ అందులో పెడితే ఎంతమందికి ఎలా ఉంటుందో చెబుతుంది. చక్కటి పని. ప్రపంచంలో చాలా ఆఫీసుల ఉష్ణోగ్రత ఆ సూత్రం ఆధారంగానే కుదిరింది. అందులో నాకు బాగా నచ్చినది దాని నిజాయితీ. అన్నీ సరిగ్గా కుదిరిన గదిలో కూడా నూటికి ఐదుగురికి బాగుండదని ఆ సూత్రమే ఒప్పుకుంటుంది. అందరికీ సరిపోయే అంకె లేదని అంకె కట్టినాయనే చెప్పాడు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఒంట్లో పుట్టే వేడి దగ్గర. అక్కడ వాడుకలో ఉన్న విలువ డెబ్భై కిలోల, నలభై ఏళ్ళ మగమనిషిది. 2015లో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ పరిశోధకులు కొందరు యువతులు తేలికపాటి ఆఫీసు పని చేస్తుండగా కొలిచి చూశారు. ఆడవాళ్ళ ఒంట్లో పుట్టే వేడిని పాత విలువ 35 శాతం దాకా ఎక్కువ చేసి చూపిస్తోందని రాశారు. అంటే ఆవిడ ఒంట్లో లేని వేడిని తీసేయడానికి యంత్రం పనిచేస్తోంది. మే నెలలో శాలువాకి అదొక కారణం. ఇంకొకటి బట్టలు. కోటు, బూట్లు తొడిగిన మనిషికి హాయిగా ఉండే చలి నూలుచీర కట్టుకున్న మనిషికి వణుకు. పొందూరు రాట్నం మీద నూలు వడికి, మంగళగిరి మగ్గం మీద మన ఎండకి తగ్గ బట్ట నేసుకున్న జాతి మనది. ఆ బట్ట కట్టుకుని ఆఫీసుకి వెళ్తే దాని మీద ఇంకో బట్ట కప్పుకోవలసి వస్తోంది. జపాన్ వాళ్ళు 2005లో దీన్ని రెండో వైపు నుంచి పట్టుకున్నారు. కూల్ బిజ్ అని పేరు పెట్టి, వేసవిలో ప్రభుత్వ ఆఫీసులని 28 డిగ్రీల దగ్గర ఉంచి, కోటూ టై వద్దని ఉద్యోగులకి చెప్పారు. ప్రధానమంత్రి కూడా టై లేకుండా కనిపించాడు. యంత్రం చలికి తగ్గట్టు మనిషి బట్ట కప్పుకోవడం మానేసి, ఎండకి తగ్గ బట్ట వేసుకుని యంత్రాన్ని దానికి తగ్గట్టు మార్చారు.

సూత్రం సంగతి అలా ఉంచి, మన ఫాల్స్ సీలింగ్ పైన ఏం జరుగుతుందో చూస్తే మరీ బాధ. పెద్ద భవనాల్లో చిల్లర్ దగ్గర సుమారు ఏడు డిగ్రీలకి చల్లబడ్డ నీరు గొట్టాల్లో అంతస్తు అంతస్తుకీ వెళ్తుంది. అక్కడ ఏహెచ్‌యూ అనే పెద్ద పెట్టెలో ఫ్యాను గాలిని ఆ గొట్టాల మీదుగా ఊది, డక్టుల్లోంచి మన నెత్తి మీది డిఫ్యూజర్లకి పంపుతుంది. ఈ డక్టులు వేసేటప్పుడు ఇంజనీరు చేతిలో ఒక ప్లాన్ ఉంటుంది. హాలు ఇక్కడ, మనుషులు ఇందరు, కిటికీలు ఇటు అని లెక్క కట్టి వేస్తాడు. ఆర్నెల్లకి కంపెనీ హాల్లో నాలుగు క్యాబిన్లు కట్టిస్తుంది. గోడలు లేస్తాయి, డక్టులు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. ఒక క్యాబిన్లోకి మూడు డిఫ్యూజర్లు పడతాయి, పక్కదానికి ఒక్కటీ ఉండదు. థర్మోస్టాట్ గోడతో పాటు మేనేజరు గదిలోకి వెళ్ళిపోతుంది. ఆయన తలుపు వేసుకుని కూర్చుంటే ఆ గది చల్లబడగానే యంత్రం శాంతిస్తుంది, హాల్లో అరవై మంది ఉడికిపోతారు. తలుపు తీసి ఉంచితే హాల్లో వేడి ఆ గదిలోకి చేరి యంత్రం ఆగకుండా నడుస్తుంది, డిఫ్యూజర్ కింద కూర్చున్న వాళ్ళకి మెడలు పట్టేస్తాయి.

మా సెక్షన్లో ఒకావిడ సరిగ్గా అలాంటి డిఫ్యూజర్ కింద కూర్చునేది. చెప్పీ చెప్పీ విసిగి ఒకరోజు కుర్చీ ఎక్కి, రెండు తెల్లకాగితాలు కలిపి సెల్లోటేపుతో ఆ జాలీకి అంటించింది. అది గాలికి రోజంతా టపటపా కొట్టుకునేది. వారానికి టేపు ఊడితే మళ్ళీ అంటించేది. "అక్కయ్యా, అడ్మిన్ వాళ్ళకి చెప్పి గాలి తగ్గించే ఆ డ్యాంపర్ తిప్పిద్దాం, ఒక్క నిమిషం పని" అన్నాను. "మూడుసార్లు చెప్పాను తమ్ముడూ. మేడంగారికి చలి అని నవ్వి వెళ్ళిపోయారు" అంది. ఆమె మాటలో కోపం లేదు, అలవాటైన అలసట ఉంది. మా ఆఫీసులో అగ్గి పుడితే ఎటు పరుగెత్తాలో చెప్పే బోర్డు ఉంది, కంప్యూటర్ పాస్‌వర్డుకి నియమాలున్నాయి. చలి వేస్తే ఎవరికి చెప్పాలో, చెబితే ఎన్నాళ్ళలో పట్టించుకోవాలో రాసిన కాగితం లేదు. ఒంటికి పట్టే బాధని ఫిర్యాదుగా లెక్కించకపోవడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

గాలి పీల్చుకోవడం ఇంకో సంగతి. బయటి గాలిని లోపలికి తెచ్చే డ్యాంపర్ మామూలుగా ఏహెచ్‌యూకి ఉంటుంది. బయటి వేడిగాలిని చల్లబరచడానికి కరెంటు ఎక్కువ పడుతుందని దాన్ని మూసేసే చోట్లు చాలా ఉన్నాయి. అప్పుడు అందరం ఒకరు వదిలింది ఒకరం పీలుస్తాం. మధ్యాహ్నం మూడు గంటలకి జరిగే సమావేశంలో తల బరువెక్కి ఆవలింతలు వస్తుంటే భోజనం మీద నెపం వేస్తాం గానీ, సగం తప్పు ఆ మూసిన డ్యాంపర్‌ది. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ వేళ మన దేశపు ఏసీ ఇంజనీర్ల సంఘం ఇష్రే, గది 24 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచమనీ, బయటి గాలి రానివ్వమనీ చెప్పింది. కానీ అద్దాల గోడల భవనాల్లో చాలావాటికి తెరవడానికి కిటికీయే లేదు.

కిందటి వేసవిలో మా అంతస్తు చల్లబడటం లేదని ఫిర్యాదు వెళ్తే మెకానిక్ వచ్చాడు. నల్గొండ వైపు కుర్రాడు. అతనితో పాటు నేనూ టెర్రస్ మీదికి వెళ్ళాను. తలుపు తీయగానే మొహం మీద కొట్టింది. ఎండ ఒకటి, ఆ ఎండలో వరసగా నిలబెట్టిన అవుట్‌డోర్ యూనిట్లు ఊదే సెగ ఇంకొకటి. రెండు వరసల మధ్య మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందు. అతను అందులో గొంతుక్కూర్చుని, జేబురుమాలు అరచేతికి చుట్టుకుని స్క్రూలు విప్పాడు. వట్టి చేత్తో ముట్టుకుంటే ఆ రేకు కాల్చేస్తుంది. గేజీ తగిలించి చూసి, "గ్యాస్ ఏం తక్కువ లేదు సార్, కాయిల్ జూడుండ్రి" అని పక్కకి జరిగాడు. రేకుల మధ్య దుమ్ము, పావురాల ఈకలు, ఏదో పెళ్ళి నుంచి ఎగిరొచ్చిన మెరుపు కాగితాలు కలిసి మందంగా పేరుకుని ఉన్నాయి. "గాలి దీంట్లకెల్లి పోవాలె. పోతలేదు. లోపలి వేడి బయటికెట్ల వస్తది?" అన్నాడు. కింది అంతస్తు నుంచి పైపు లాక్కొచ్చి కడగడం మొదలుపెట్టాడు. మొదటి నీళ్ళు ఆవిరై లేచాయి, తర్వాత నల్లగా పారాయి. "కాసేపు నీడకి రా తమ్ముడూ, ఎండ తగ్గాక చేద్దువు" అన్నాను. నీడ ఎక్కడుందా అన్నట్టు అటూ ఇటూ చూసి, "కింద అందరు ఉడుకుతున్నరంట గద సార్" అన్నాడు.

ఆ మాట నన్ను వదల్లేదు. ఏసీ చల్లదనాన్ని పుట్టించదు. ఏతంతో నీళ్ళు తోడినట్టు లోపలి వేడిని తోడి బయట పోస్తుంది. తోడటానికి వాడిన కరెంటు కూడా చివరికి వేడిగానే మారుతుంది కాబట్టి లోపలి నుంచి తీసిన దానికన్నా బయట పోసేది ఎక్కువ. ఆ బయట ఎవరుంటారు? టెర్రస్ మీద మెకానిక్. గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి. వెనక సందులో, గోడకి బిగించిన యూనిట్ల కింద ఇస్త్రీ బండి పెట్టుకున్న దంపతులు. అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు 2014లో ఫీనిక్స్ నగరం మీద కట్టిన లెక్కలో, ఏసీలు ఊదే వేడి వల్ల రాత్రిపూట ఊళ్ళో కొన్నిచోట్ల ఒక డిగ్రీకి పైగా పెరుగుతోందని తేలింది. 2015 మే నెలలో మన రెండు రాష్ట్రాల్లో వడదెబ్బకి పదిహేను వందల మందికి పైగా పోయారు. ఎక్కువమంది ఎండలో పనిచేసుకునే వాళ్ళు, ముసలివాళ్ళు. ఆ నెలలో కూడా ఎక్కడో ఒక ఆఫీసులో ఎవరో శాలువా కప్పుకునే ఉంటారు. ఈ రెండూ ఒకే ఊళ్ళో, ఒకే మధ్యాహ్నం జరుగుతాయన్నది నాకు భరించరాని సంగతి. అక్కరకు మించి చల్లబరిచిన ప్రతి డిగ్రీ గోడ అవతల ఒకరి నెత్తిన పడుతుంది.

ఏసీ వద్దని నేననను. విశాఖలోనో కాకినాడలోనో జూన్ ఉక్కపోతలో కూలర్ పెట్టుకుంటే గది ఇంకాస్త చెమ్మగిల్లడం తప్ప ఒరిగేదేమీ ఉండదు. హైదరాబాదు పొడి ఎండలో హాయిగా పనిచేసే కూలర్‌కి సముద్రపు గాలి పడదు. అక్కడ తేమ తీసే యంత్రం కావాలి. ఆస్పత్రికి కావాలి, కాల్ సెంటర్‌కి కావాలి. కావలసిందల్లా మన ఒంటిని అడిగి కట్టిన లెక్క. ఆ లెక్క కట్టినవాళ్ళు మన దగ్గరే ఉన్నారు. ఇంద్రగంటి మాధవిగారు 2008 వేసవిలో హైదరాబాదు అపార్టుమెంట్లలో ఇంటింటికీ తిరిగి, థర్మామీటర్లు పెట్టి, మనుషులని అడిగి రాసుకున్నారు. అక్కడి వాళ్ళకి హాయిగా ఉన్న వేడి దాదాపు 29 డిగ్రీలు. 26 నుంచి 32 దాకా సర్దుకోగలిగారు. అహ్మదాబాదులోని సెప్ట్ విశ్వవిద్యాలయం వాళ్ళు దేశంలోని ఆఫీసులు తిరిగి కట్టిన నమూనా 2016 జాతీయ భవన నిర్మాణ నియమావళిలోకి ఎక్కింది. ఎండాకాలంలో మన ఒళ్ళు ఎండకి అలవాటు పడుతుంది, గది కూడా దానితో పాటు కాస్త కదలాలి అన్నది దాని సారం.

కట్టి చూపించినవాళ్ళూ ఉన్నారు. కొండాపూర్‌లో 2004లో కలాంగారు ప్రారంభించిన గ్రీన్ బిజినెస్ సెంటర్‌కి గాలి గోపురాలున్నాయి. బయటి గాలి వాటిలోంచి దిగుతూ కాస్త చల్లబడ్డాకే ఏసీ దాకా వస్తుంది. పోచారం ఇన్ఫోసిస్ ప్రాంగణంలో ఒక భవనాన్ని నడిమికి రెండు సగాలు చేశారు. ఒక సగానికి మామూలు గాలి ఏసీ, అదీ జాగ్రత్తగా చేసింది. రెండో సగంలో స్లాబులోనే గొట్టాలు పరిచి చల్లటి నీరు నడిపించారు. పైకప్పే చల్లగా ఉండి మన ఒంటి వేడిని నిశ్శబ్దంగా లాక్కుంటుంది, నెత్తిన గాలి కొట్టదు. ఆ సగానికి కరెంటు దాదాపు మూడో వంతు తక్కువ పట్టింది. రెండు సగాలూ ఒకే ఎండలో, ఒకే ఊళ్ళో ఉండటం వల్ల ఈ మాటకి ఎదురు చెప్పడం కష్టం. పాత భవనాలకి ఇంతపని అక్కర్లేదు. ఒక డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య బ్యూరో చెబుతూనే ఉంది. 2020 జనవరి నుంచి కొత్త గది ఏసీలు వేయగానే 24 దగ్గర మొదలవ్వాలని నియమం పెట్టారు. మంచిదే. దానికి తోడు పైన ఒక మామూలు ఫ్యాను తిరిగితే 26, 27 కూడా హాయిగానే ఉంటుంది. మన ఆఫీసుల్లో ఏసీ పెట్టించిన రోజునే ఫ్యాన్లు ఊడదీసి స్టోర్ రూములో పడేయడం పెద్ద నష్టం. ఫ్యానుకి ఉన్న గొప్పతనం దాని రెగ్యులేటర్ మన చేతికి అందడం.

మా అంతస్తులో ఈ ఏడాది అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. ఉక్కపోస్తోందన్న ఒకాయనకి కిటికీ పక్క పడమటి ఎండ పడుతోందని, దానికి కావలసింది తెర అని తేలింది. 26 దగ్గర పెట్టి నాలుగు ఫ్యాన్లు పెట్టించాం. అక్కయ్యగారి నెత్తి మీది డ్యాంపర్ తిప్పడానికి నిజంగానే ఒక్క నిమిషం పట్టింది. టెర్రస్ సంగతి మీద కూడా అర్జీ పెట్టాం. యూనిట్ల మధ్య మనిషి తిన్నగా నడిచేంత దారి, పైన రేకు నీడ, కడగడానికి, తాగడానికి నీళ్ళ కుళాయి అడిగాం. కుళాయి జూన్‌లో పెట్టారు. దారి కోసం ఒక వరస జరపాలంటే బిల్డింగ్ ఓనరు సంతకం కావాలన్నారు, ఆ కాగితం ఆయన దగ్గర ఉంది. నీడ కోసం ఇంకా అడుగుతున్నాం.